క్రాస్ స్టిచ్: డిజైన్ ఫోటో పంపితే సరిపోదు, లెక్క కూడా పంపాలె

సిరికొండ నుంచి మాట్లాడుతున్నాను. ఈరోజు ఎపిసోడ్ క్రాస్ స్టిచ్ మీద. కుట్టు నేర్పించే వీడియో కాదు ఇది. అది మీలో చాలామందికి వచ్చు. ఒకరు కుట్టింది ఇంకొకరికి చెప్పేటప్పుడు ఏం చెప్పాలి, ఏం చెప్పకపోతే ఎదుటివాళ్ల కష్టం ఎట్లా పాడవుతుంది, దాని ముచ్చట.

ముందు ఇవి రెండూ చూడండి.

[రెండు బట్టలను పక్కపక్కన కెమెరాకు చూపిస్తారు]

రెండింటి మీదా 'స్వాగతం' అనే ఉంది. మా ఇంట్లో ఇద్దరు అక్కాచెల్లెళ్లు ఒకే డిజైన్ చూసి కుట్టారు. దారం ఒకటే, డబ్బాల లెక్క ఒకటే. ఒకదాంట్లో చివరి సున్న చక్కగా గుండ్రంగా వచ్చింది. రెండో దాంట్లో కోడిగుడ్డు నిలబెట్టినట్టు వచ్చింది. చిన్నది ఏడ్చినంత పని చేసింది. "అక్కా, నేను ఒక్క కుట్టు కూడా తప్పలే, మళ్ల లెక్కపెట్టుకో" అన్నది. లెక్కపెట్టిన. నిజంగానే ఒక్కటి కూడా తప్పలేదు.

తప్పు బట్టలో ఉంది. పెద్దది కుట్టింది ఐడా క్లాత్ మీద. చిన్నది కుట్టింది మ్యాటీ మీద. మన అమ్మల కాలంలో టీవీ కవర్లు, దిండు గలీబులు, గోడకు అద్దం ఫ్రేములో చిలుకల జంట, తాజ్ మహల్ అన్నీ కుట్టింది ఈ మ్యాటీ మీదనే. మీ ఇంట్లో సందుగ తెరిస్తే ఒకటన్నా దొరుకుతుంది. మంచి బట్టే, చవక కూడా. కానీ అందులో అడ్డం పోగులు, నిలువు పోగులు ఒకే లెక్కలో ఉంటాయని నమ్మకం లేదు. ఐడా అట్లా కాదు. జర్మనీలోని జ్వైగార్ట్ కంపెనీ 1890 ప్రాంతంలో దాన్ని ఎంబ్రాయిడరీ కోసమే తయారు చేసింది. అంగుళానికి అడ్డం ఎన్ని డబ్బాలో నిలువు కూడా అన్నే ఉండేట్టు నేస్తారు. 14 కౌంట్ అంటే అంగుళానికి 14 డబ్బాలు. అంతే, అందులో మర్మం ఏం లేదు.

మరి మ్యాటీ కొన్నప్పుడు ఏం చెయ్యాలి? స్కేలు పెట్టి అడ్డంగా రెండు అంగుళాల దూరంలో రెండు గుండుసూదులు గుచ్చండి. మధ్యలో ఉన్న డబ్బాలు లెక్కపెట్టి రెండుతో భాగించండి. నిలువుగా కూడా అట్లనే చెయ్యండి. ఒక్క అంగుళమే కొలిస్తే అర డబ్బా తేడా తెలియదు, అందుకే రెండు. మా చెల్లె బట్టలో అడ్డం 12 వచ్చింది, నిలువు 10 వచ్చింది. ఇప్పుడు 12 డబ్బాల వెడల్పు, 12 డబ్బాల ఎత్తు ఉన్న సున్న దాని మీద కుడితే వెడల్పు ఒక అంగుళం, ఎత్తు అంగుళం మీద ఇంకో ఐదో వంతు. కోడిగుడ్డు అక్కడ పుట్టింది. బట్ట తిప్పి కుట్టినా లాభం లేదు, నిలబడ్డ గుడ్డు పడుకుంటుంది, అంతే.

దీనికి ఉపాయం ఉంది. డిజైన్‌నే మార్చుకోవాలి. ఆ బట్టకు 12 అడ్డం, 10 నిలువు సున్న గీసుకుంటే సరిగ్గా అంగుళానికి అంగుళం వస్తుంది. పువ్వు, ఆకు అయితే కొంచెం సాగినా ఎవరూ పట్టుకోరు. సున్నలు, చక్రాలు, మనుషుల మొహాలు మాత్రం దొరికిపోతాయి.

ఇప్పుడు అసలు సంగతి. ఆ డిజైన్ మాకు వాట్సాప్‌లో వచ్చింది. ఫోటో చాలా బాగుంది, కింద నాలుగు పూల ఇమోజీలు ఉన్నాయి. ఏ బట్ట, ఎంత కౌంట్, ఎన్ని పోగులు అన్నది మాత్రం ఒక్క ముక్క లేదు. పంపినామె తప్పని నేను అనను, నేను కూడా ఇన్నాళ్లు అట్లనే పంపిన. కానీ పదిహేను రోజులు కూర్చొని కుట్టిన పిల్లకు చివరికి గుడ్డు మిగిలింది.

అందుకే నేను ఇప్పుడు ఫోటో పక్కన ఒక వాయిస్ మెసేజ్ కూడా పంపుతున్నాను. బట్ట ఏది, అడ్డం నిలువు కౌంట్ ఎంత. ఎన్ని పోగులతో కుట్టిన. దారం ఏ కంపెనీ, ఏ నంబర్. మొత్తం ఎన్ని డబ్బాల వెడల్పు, ఎన్ని డబ్బాల ఎత్తు. ఎన్ని గంటలు పట్టింది. అర నిమిషం పని.

పోగుల సంగతి కొత్తవాళ్లకు చెప్పాలి. ఎంబ్రాయిడరీ దారం ఒక కట్ట 8 మీటర్లు ఉంటుంది, అందులో ఆరు పోగులు కలిసి ఉంటాయి. ఆరూ కలిపి కుట్టకూడదు, విడదీసుకోవాలి. 14 కౌంట్ మీద రెండు పోగులు చాలు. 11 కౌంట్ అయితే మూడు. 18 కౌంట్ సన్నది, ఒకటో రెండో. మ్యాటీ 10, 12 దగ్గర ఉంటే మూడు పెట్టండి, లేకుంటే కింద బట్ట తెల్లగా తొంగి చూస్తుంది. విడదీసేటప్పుడు ఒక్కొక్క పోగునే పైకి లాగండి. రెండు కలిపి గుంజితే మెలిక పడి, ఆ ముడి విప్పేసరికి సీరియల్ అయిపోతుంది.

దారం నంబర్ ఎందుకు చెప్పాలో ఒక ఉదాహరణ చెప్తాను. డీఎంసీ అని ఫ్రెంచ్ కంపెనీ ఉంది, 1746లో మల్హౌస్ అనే ఊర్లో మొదలైంది. ఆన్‌లైన్‌లో వచ్చే డిజైన్లలో చాలావాటికి వాళ్ల నంబర్లే ఉంటాయి. మన దగ్గర ఎక్కువ దొరికేది యాంకర్. నలుపు డీఎంసీలో 310, యాంకర్‌లో 403. డీఎంసీ నంబర్ పట్టుకొని దుకాణానికి పోయి యాంకర్‌లో అదే నంబర్ అడిగితే వేరే రంగు చేతికి వస్తుంది. నంబర్ ముందు కంపెనీ పేరు తప్పకుండా చెప్పండి. 'మెరూన్ లాంటి ఎరుపు' అని చెప్తే ఎవరి మెరూన్ వాళ్లకు ఉంటుంది.

నంబర్ లేని దారం కూడా ఉంటుంది. రంగురంగుల ప్యాకెట్, యాభై కట్టలు, చూస్తే కళ్లు చెదురుతాయి. నేను ఒకసారి అట్లాంటిది కొని తెల్ల బట్ట మీద ఎర్ర మందారం కుట్టిన. మూడు వారాల పని. ఉతికితే పువ్వు చుట్టూ గులాబీ రంగు మబ్బు పట్టింది. అప్పటి నుంచి ఏ ఎర్ర దారం అయినా, నీలం అయినా, ముందు ఒక జానెడు తడిపి తెల్ల గుడ్డ మధ్యలో పెట్టి గట్టిగా నొక్కి చూస్తా. రంగు అంటితే ఆ దారం తెల్ల బట్ట మీదకు పోదు. ఒకవేళ మీకు ఇప్పటికే అట్లా జరిగితే, ఆరనియ్యకండి. ఆరితే రంగు పట్టేస్తుంది. చల్లటి నీళ్లు మారుస్తూ, నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించండి. ఇస్త్రీ మాత్రం అస్సలు చెయ్యకండి.

ఇస్త్రీ అంటే గుర్తొచ్చింది. డబ్బాలు పది పదికి గీత గీసుకోవడం మంచి అలవాటు, లెక్క తప్పదు. కానీ నీళ్లతో పోయే పెన్ను గీతల మీద ఇస్త్రీ పెడితే అవి పర్మనెంట్ అయిపోవచ్చు. నేనైతే పెన్ను మానేసి, జారిపోయే పాలిస్టర్ దారంతో పది డబ్బాలకు ఒక పొడుగు కుట్టు వేస్తా. పని అయ్యాక గుంజితే వచ్చేస్తుంది.

మన దిక్కు ఆడవాళ్లకు ఒక ప్రత్యేకమైన జాగ్రత్త చెప్పాలి. సిరికొండ, భీంగల్, ధర్పల్లి... ఎక్కడ చూసినా ఇంటి ముందు చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టేవాళ్లే. మా ఇంట్లో కూడా అంతే. బీడీలు పక్కన పెట్టి అదే చేతితో తెల్ల బట్ట పట్టుకుంటే తంబాకు పసుపు అంటుతుంది. ఆ రోజు కనిపించదు, ఆరు నెలలకు కనిపిస్తుంది. సబ్బుతో చేతులు కడిగి, పూర్తిగా ఆరినాకనే బట్ట ముట్టుకోండి. ఆకు కత్తిరించే కత్తెరతో దారం కొయ్యకండి, చివర నలిగి సూది బెజ్జంలో పోదు. అయితే చాట మాత్రం భలే పనికొస్తుంది. సూది, కత్తెర, దారాలు అన్నీ అందులో పెట్టుకుంటే ఒక్క సూది కూడా నేల మీద పడదు. సిటీల వాళ్లు దీనికోసం ప్లాస్టిక్ ట్రేలు కొంటున్నారు!

ముడి వెయ్యకుండా మొదలుపెట్టడం కూడా చూపించిన కదా ఇంతకుముందు, మళ్లీ ఒక్కసారి. రెండు పోగులతో కుట్టాలంటే, ఒక్క పోగు రెండు మూరలు తీసుకోండి. మధ్యలో మడవండి. రెండు కొసలు సూదిలో ఎక్కించండి. అవతల కొసకు ఉంగరంలాగా మడత ఉంటుంది. వెనక నుంచి సూది పైకి తీసి, మొదటి అడ్డ కాలు వేసి కిందికి దింపగానే ఆ ఉంగరంలో నుంచి సూది పోనిచ్చి గుంజండి. ముడి లేదు, వెనక గుబ్బ లేదు. చివర ముగించేటప్పుడు వెనక ఉన్న నాలుగైదు కుట్ల కింద నుంచి సూది పోనిచ్చి కత్తిరించండి. దారం మూర కంటే పొడుగు పెట్టుకోకండి, బట్టలో పోయి వచ్చి నలిగి మెరుపు పోతుంది.

ఇంకొకటి, అన్నిటికంటే చిన్నది, అన్నిటికంటే ఎక్కువ కనిపించేది. ప్రతి క్రాస్‌లో రెండు కాళ్లు ఉంటాయి. పైన పడే కాలు బట్ట మొత్తంలో ఒకే దిక్కుకు ఉండాలి. కొన్ని అటు, కొన్ని ఇటు ఉంటే వెలుతురు పడ్డప్పుడు మచ్చలు మచ్చలుగా మెరుస్తుంది. బట్ట అటూ ఇటూ తిప్పుకుంటూ కుట్టేవాళ్లకు ఇది ఎక్కువ జరుగుతుంది. మూలకు ఒక రంగు దారంతో చిన్న గుర్తు కుట్టుకోండి, ఆ గుర్తు ఎప్పుడూ పైనే ఉండాలి. ఇద్దరు కలిసి ఒక బట్ట కుడితే మొదలుపెట్టకముందే ఒప్పందం చేసుకోండి.

ఇప్పుడు కొంచెం దూరం పోదాం. ఈ లెక్కలు, పేర్లు చెప్పుకోవడం మనం కొత్తగా కనిపెట్టింది కాదు. మన చుట్టూ తండాల్లో పెద్దమ్మల ఫేటియా, కాంచళి, టుక్రి చూడండి. అద్దాలు, గవ్వలే మనకు ముందు కనిపిస్తాయి, కానీ దగ్గరికి పోయి కుట్టు చూడండి. గ్రాఫ్ పేపర్ లేదు, ప్రింట్ లేదు. ఒక తండాలో పెద్దమ్మను "ఇది ఎట్లా నేర్చుకున్నవ్ అమ్మా" అని అడిగితే, "మా అమ్మ పక్కన కూసున్న, ఆమె చెయ్యి చూసిన" అన్నది. పక్కన కూర్చునే వాళ్లు ఉన్నంతకాలం ఆ పద్ధతి నడిచింది. ఇప్పుడు ఆమె బిడ్డలు హైదరాబాద్‌లో, కొడుకు గల్ఫ్‌లో. పక్కన ఎవరు కూర్చుంటారు?

కర్ణాటకలో బళ్లారి జిల్లా సండూరు దగ్గర ఇదే లంబాడీ కుట్టు ఇంకో దారి పట్టింది. సండూర్ కుశల కళా కేంద్రంలో తండాల ఆడవాళ్లు కలిసి పనిచేస్తారు. సండూర్ లంబానీ ఎంబ్రాయిడరీకి జీఐ గుర్తింపు ఉంది. 2023 జూలైలో హంపిలో జీ20 సంస్కృతి సమావేశం జరిగినప్పుడు 1,755 లంబానీ వస్తువులను ఒకేచోట ప్రదర్శించి గిన్నిస్ రికార్డ్ సాధించారు. నాకు రికార్డ్ కంటే నచ్చింది, వాళ్ల దగ్గర ప్రతి కుట్టుకూ పేరు ఉండటం. కిలన్, వేలే, మాకి, నాక్రా... పేరు ఉంది కాబట్టి ఒకరు ఫోన్‌లో చెప్తే ఇంకొకరు కుట్టగలరు.

ధార్వాడ వైపు కసూతి కూడా అంతే. అందులో నాలుగు రకాల కుట్లు, గవంతి, ముర్గి, నేయ్గె, మెంతి. ఆ నాలుగోది, మెంతి, మన క్రాస్ స్టిచ్చే. మెంతుల పేరు పెట్టారు. ఇల్కల్ చీర మీద పోగులు కంటితో లెక్కపెట్టి కుడతారు. మనం 14 కౌంట్ మీద కళ్లు నొస్తున్నాయని అంటున్నాం!

ఒక మాట. తండాలో పెద్దమ్మ కుట్టు ఫోటో తీసుకొని గ్రాఫ్ చేసి పెడితే, ముందు ఆమెను అడగండి, కింద ఎవరి కుట్టో రాయండి. అట్లనే డబ్బులు పెట్టి కొన్న డిజైన్ పీడీఎఫ్‌ను గ్రూపులో ఫార్వర్డ్ చేసుడు కూడా మానేద్దాం. అది గీసినామె కూడా మనలాగే కూర్చొని గీసింది.

సరే, మళ్లీ మన 'స్వాగతం' దగ్గరికి వద్దాం. అమ్మల కాలం మ్యాటీ బట్టల మీద ఎప్పుడన్నా గమనించారా? తెలుగు మాట్లాడే ఇంట్లో, తెలుగు తప్ప ఇంకోటి రాని అమ్మ కూడా 'వెల్‌కమ్' అని ఇంగ్లిష్ అక్షరాలే కుట్టింది. నేను అనుకునేది, చేతికి దొరికిన డిజైన్ పుస్తకంలో ఆ అక్షరాలే ఉన్నాయి. ఇంగ్లిష్ పెద్దక్షరాలు గీతలు, మూలలు, డబ్బాలో సులువుగా కూర్చుంటాయి. మన అక్షరాలన్నీ గుండ్రం. పైగా నెత్తి మీద తలకట్టు, కింద ఒత్తు.

ఇంగ్లిష్ అక్షరాల లెక్కలో తెలుగు మొదలుపెడితే మొదటి దెబ్బ ఒత్తు దగ్గర తగులుతుంది. 'స్వా' కింద వ-ఒత్తుకు చోటు ఉండదు, రెండో వరుసలోకి పోతుంది. నేను చాలా కాగితాలు చింపినాక కుదిరిన లెక్క ఇది. అక్షరం ఒళ్లు 12 డబ్బాలు. పైన తలకట్టుకు 4. కింద ఒత్తుకు 7. మొత్తం 23 డబ్బాల ఎత్తు. ఒత్తు లేని అక్షరం కింద కూడా ఆ 7 ఖాళీగానే వదలాలి. 'స్వా' వెడల్పు 20, 'గ' 14, 'త' 16, సున్న 9, మధ్యలో రెండేసి డబ్బాల సందు. మొత్తం 65.

[నోట్‌బుక్‌లో గీసిన అక్షరాలను దగ్గరగా చూపిస్తారు]

65ను 14తో భాగిస్తే నాలుగున్నర అంగుళాల కంటే కొంచెం ఎక్కువ. దర్వాజ మీదకు చిన్నది. అందుకే ఒక్కో డబ్బాను రెండు అడ్డం, రెండు నిలువు చేసి పెద్దగా చేసిన. 130 వెడల్పు, 46 ఎత్తు. అప్పుడు తొమ్మిదింపావు అంగుళాలు, మూడుంపావు అంగుళాలు దాటి వస్తుంది. ఫ్రేము కోసం చుట్టూ మూడు అంగుళాలు వదలాలి కాబట్టి బట్ట పదిహేనున్నర, తొమ్మిదిన్నర కోయాలి. పెద్దగా చేసినప్పుడు మూలలు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి, అక్కడ ఒక్కొక్క కుట్టు తీసేసి, కలిపి, గుండ్రం చేసుకోవాలి. చివర ఒక పోగుతో చుట్టూ బ్యాక్ స్టిచ్ వేస్తే అక్షరం తేటగా లేస్తుంది.

మీరు అంటారు, ఫోటో పెడితే డిజైన్ చేసిచ్చే యాప్‌లు ఉన్నాయి కదా అని. ఉన్నాయి. అక్షరాల ఫోటో పెట్టి చూడండి, అంచుల్లో ఏడెనిమిది రకాల బూడిద రంగులు పెడుతుంది, ఒక్కో రంగు ఒక్క డబ్బా. దారం మార్చి మార్చి చేతులు పోతాయి. యాప్ వాడితే రంగులు తగ్గించి, పువ్వులకు, బొమ్మలకు వాడుకోండి. అక్షరాలకు డబ్బాల నోట్‌బుక్, పెన్సిలే మేలు.

అక్షరం పక్కన ఏం పెట్టాలి అంటే, నేను బతుకమ్మ పెట్టిన. అంతరాలు మెట్లలాగా ఉంటాయి కాబట్టి డబ్బాల్లో తనంతట తానే కూర్చుంటుంది. తంగేడుకు పసుపు, గునుగుకు తెలుపు, బంతికి నారింజ, మూడు రంగులతో అయిపోయింది. బోధన్ దిక్కు వాళ్లయితే చెరకు గడ పెట్టుకోండి. నిలువు గీత, నాలుగు డబ్బాలకు ఒక కణుపు, కొత్తగా నేర్చుకునే పిల్లలు కూడా కుట్టగలరు.

చివరగా గంటల లెక్క. ఇది సిగ్గుపడకుండా చెప్పుకోవాలె. నా చెయ్యి గంటకు సుమారు 120 కుట్లు వేస్తుంది. ఆ పెద్ద 'స్వాగతం', బతుకమ్మతో కలిపి దగ్గర దగ్గర 2,400 కుట్లు. అంటే 20 గంటలు. బ్యాక్ స్టిచ్, ఉతకడం, ఫ్రేము వేరే. దారం మూడు నాలుగు కట్టలు. రెండు పోగులతో కుడితే ఒక కట్ట నాకు సుమారు 1,800 కుట్లకు వస్తుంది, కానీ రంగుకు ఒక కట్ట కొనాల్సిందే కదా. ఒకామె చూసి, చాలా బాగుందని, రెండు వందలకు ఇస్తావా అన్నది. దారం, బట్ట తీసేస్తే గంటకు ఐదు రూపాయలు కూడా మిగలదు. నేను కోపం చేయలే. ఆమెకు గంటలు తెలియవు, ఎందుకంటే మనమే ఎప్పుడూ చెప్పలే. "ఖాళీగా ఉన్నప్పుడు కుట్టిన" అంటాం. బీడీలు చుట్టి, వంట చేసి, రాత్రి బల్బు కింద కూర్చున్నదాన్ని ఖాళీ అంటున్నాం. ఇప్పుడు నేను ప్రతి బట్ట వెనక చిన్న చీటీ కుట్టి పెడుతున్నా. బట్ట, కౌంట్, దారం నంబర్లు, గంటలు. తర్వాత వచ్చినామెకు ఆ చీటీ చూపించి, ధర చెప్పిన. కొనలేదు. కానీ బేరం కూడా ఆడలేదు. మళ్లీ వచ్చి తన బిడ్డకు నేర్పిస్తవా అని అడిగింది.

మా చెల్లె కోడిగుడ్డు 'స్వాగతం' పడేయలేదు. సున్న ఒక్కటే విప్పింది. విప్పేటప్పుడు వెనక నుంచి, ఒక్కో కుట్టు మధ్యలో కత్తిరించి తీయాలి, గుంజొద్దు. కొత్తగా 9 అడ్డం, ఏడున్నర బదులు 8 నిలువు పెట్టి కుట్టింది. పూర్తి గుండ్రం కాదు, కానీ సున్న అని తెలుస్తుంది. ఇప్పుడు అది వాళ్ల దర్వాజ మీదే ఉంది.

వచ్చే ఎపిసోడ్‌లో 'అ' నుంచి 'ఔ' వరకు డబ్బాల్లో గీద్దాం. నోట్‌బుక్, పెన్సిల్, రబ్బరు దగ్గర పెట్టుకోండి. రబ్బరు పెద్దది తెచ్చుకోండి. 'ఋ' గీయడానికి నాకు నాలుగు పేజీలు అయినయ్.